తొమ్మిదోనాడు తిరిగొచ్చినవాడు

వేంపల్లెలో పోస్టుమ్యాన్ తిమ్మయ్య వీధిలోకి వస్తే ఆడవాళ్లు ముందు అతని నడక చూసేవాళ్లు, ఆ తర్వాతే చేతిలోని కాగితం. మంచి కబురైతే వాకిటిదాకా సైకిలు మీదే వచ్చి గంట కొట్టేవాడు. చెడ్డ కబురైతే పది గజాల ముందే దిగి, సైకిలు నడిపించుకుంటూ తల వంచుకుని వచ్చేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే వాడుక. అందుకే 1955 వైశాఖంలో ఒకనాడు, పొద్దు బారెడెక్కిన వేళ, అతను సైకిలు నడిపించుకుంటూ బొజ్జన్న ఇంటి వైపు తిరిగేసరికి వీధి అరుగుల మీద మాటలు ఆగిపోయాయి.

అతని చేతిలో ఉన్నది కర్నూలు నుంచి వచ్చిన తంతి. బొజ్జన్న తమ్ముడు లక్ష్మన్నకు ప్రాణం మీదికొచ్చింది, పెద్దాసుపత్రిలో ఉన్నాడు, వెంటనే రావాలి. అంతే ఉంది అందులో. ఇచ్చినవాడి పేరు బాలస్వామి.

కడప, కర్నూలు జిల్లాల్లో నాటకం చూసే అలవాటున్న ఏ ఊళ్లో అడిగినా వేంపల్లె లక్ష్మన్న పేరు తెలియనివాళ్లు లేరు. తెర ఇంకా లేవకముందే లోపలినుంచి అతను రాగం ఎత్తుకుంటే, అప్పటిదాకా చోటు కోసం పోట్లాడుకుంటున్న జనం ఉన్నచోటే కూలబడిపోయేవాళ్లు. రాజు వేషం కట్టి పద్యం చివర రాగం సాగదీస్తే వన్స్ మోర్ అని మూడుసార్లన్నా కేకలు పడేవి. ఊరి పేరు అతని పేరుతో కలిసి గోడకాగితాలకెక్కింది. ఆ ఊరికి అంత పేరు తెచ్చినవాడు మరొకడు లేడు. అయినా ఊరు అతన్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టింది లేదు.

తిమ్మయ్యా లక్ష్మన్నా ఒకే ఏడాది, నెల తేడాతో పుట్టారు. పాపఘ్ని ఒడ్డున ఎనుములు మేపుతూ ఇద్దరూ పద్యాలు నేర్చుకున్నారు. ఒకరు పైస్థాయిలో ఎత్తుకుంటే ఒకరు కింద అందుకునేవాళ్లు. పద్దెనిమిదో ఏట ఇంట్లో చెప్పకుండా ఇద్దరూ ప్రొద్దుటూరుకు నడిచిపోయారు. అక్కడ మకాం వేసి ఉన్న నాటకాల కంపెనీ యజమాని ఇద్దరిచేతా పాడించుకుని ఇద్దరినీ ఉండమన్నాడు. పది దినాలు గడవకముందే తిమ్మయ్య తండ్రి ఓబయ్య పోయి, కొడుకును రెక్కపట్టి లాక్కొచ్చాడు. లక్ష్మన్నకు తండ్రి లేడు, అన్న బొజ్జన్న పోలేదు. అట్లా ఒకడు రాజు వేషాలు కట్టేవాడయ్యాడు, ఇంకొకడు టపా మోసేవాడయ్యాడు.

ఊరంతా చెప్పుకునే కథ ఇది. తిమ్మయ్య కూడా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే చెప్పేవాడు. మా నాయన ఆ పొద్దు రాకపోయింటే నేనూ లక్ష్మన్న పక్కన నిలబడేవాణ్ణి అనేవాడు. ఒకసారి ఓబయ్య అరుగు చివర కూర్చుని ఉండగానే ఈ మాట వచ్చింది. ముసలాయన నోట్లోని ఆకు ఉమ్మేసి, తువ్వాలు దులుపుకుని చేనికి పోయాడు. చేసిన పనికి లోపల బాధపడుతున్నాడులే అని చూసినవాళ్లు అనుకున్నారు. ఆయన పోయి కూడా పదేళ్లయింది.

బొజ్జన్న వాకిట్లో కూర్చుని గుంటకకు తాడు బిగిస్తున్నాడు. తిమ్మయ్య తంతి చదివి చెప్పాడు. బొజ్జన్న చేతిలో పని ఆపలేదు. ముడి పూర్తిగా బిగించి, లాగి చూసుకుని, అప్పుడు తలెత్తాడు.

"వాడు ఆ కంపెనీ ఆడమనిషిని ఇంట్లో పెట్టుకున్న పొద్దే మాకు సచ్చినాడప్పా. సచ్చినోన్ని మల్లా చూసేదానికి పోతామా?"

వేలిముద్ర వేసి, తంతిని మడిచి చూరులో దోపి, మళ్లీ తాడు అందుకున్నాడు. ఆ కాగితంలో ఉన్నది తిమ్మయ్యకు చెందిన కబురు కాదు. చేర్చవలసిన చోట చేర్చాడు, పని అయిపోయింది. కానీ వీధి మలుపు దాటినా సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూనే పోయాడు. ఆఫీసుకు పోయి పోస్టుమాస్టరును మూడు దినాల సెలవు అడిగాడు.

ఇంట్లో భార్య సుబ్బలక్ష్మమ్మ రొట్టెలు మూటకడుతూనే సణిగింది. తోడబుట్టినవాడే కదలకపోతే నీకేం పట్టిందని అడిగింది.

"ఇద్దరం ఒక ఈడోల్లం మే" అన్నాడు తిమ్మయ్య.

సాయంత్రానికి కడప చేరి, బస్టాండులో తల కింద మూట పెట్టుకుని పడుకుని, తెల్లారగట్ల మొదటి బస్సెక్కాడు. మైదుకూరు దాటాక ఎండ ముదిరింది. రెండు పక్కలా దున్ని వదిలేసిన నల్లచేలు, నెర్రెలు విచ్చి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని తిమ్మయ్య తన సంగతే ఆలోచించుకున్నాడు.

కిందటేడు అతను అద్దాలు పెట్టుకున్నాడు. అంతకుముందు కొన్నాళ్లు, చిరునామాలు కనబడక, ఉత్తరాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని ఎండలో నిలబడి చదివేవాడు. రెండు దవడపళ్లు ఊడాయి. గండి వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఇదివరకు సైకిలు దిగేవాడు కాదు. ఇప్పుడు దిగి, సగంలో ఒకసారి ఆగి, రొమ్ము మీద చేయి పెట్టుకుని ఊపిరి దొరికేదాకా నిలబడుతున్నాడు. ఇవేవీ అతనికి ముసలితనంలాగా అనిపించలేదు. ఎందుకంటే తన ఈడువాడు ఒకడు, ఏ ఊళ్లోనో, నెత్తిన కిరీటం పెట్టుకుని పాతికేళ్ల రాకుమారుడిగా నిలబడి పాడుతున్నాడు. వాడికి రాని వయసు తనకెట్లా వస్తుంది? ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, తిమ్మయ్య దాని మీదే బతికాడు. సైకిలు పోగలిగిన దూరంలో లక్ష్మన్న నాటకం పడితే ఒక్కటీ వదిలేవాడు కాదు. జనం వెనక, ఎద్దులబండి చక్రానికి ఆనుకుని చూసేవాడు. పద్యం మొదలుకాగానే గొంతులోపల తనూ పాడేవాడు. నా గొంతూ ఇంతటిదే, బయటికి రాలేదంతే అనుకునేవాడు.

ఇన్నేళ్లలో ఒకే ఒకసారి రంగస్థలం వెనక్కు పోయాడు. మొహానికి రంగు సగం పూసుకుని ఉన్న లక్ష్మన్న అద్దంలోంచి చూసి గుర్తుపట్టాడు. బాగుండావా అని అడిగి, ఆ వెంటనే, మీ నాయన బాగుండాడా అని అడిగాడు. ఇంతలో ఎవరో పిలిస్తే లేచిపోయాడు. ఆ రెండో ప్రశ్న ఎందుకు అడిగాడో తిమ్మయ్యకు అప్పుడు తెలియలేదు. మళ్లీ పోలేదు.

కర్నూలులో బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రాజధాని అయిన దగ్గర్నుంచీ ఊరు ఊరులా లేదు. ఎక్కడ చూసినా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, ఫైళ్లు పట్టుకుని తిరిగే కొత్త మొహాలు. ఆసుపత్రిలో ఒక నర్సమ్మ పుస్తకం చూసి చెప్పింది. లక్ష్మన్న ఆ పొద్దున సూర్యోదయానికే పోయాడు. భార్య వచ్చి శవాన్ని తీసుకుపోయింది. భార్య అని రాసి ఉంది పుస్తకంలో.

పాతపేటలో అడుగుతూ అడుగుతూ పోతే, ఇరుకు సందు చివర, రెండు గదుల ఇంట్లో దొరికింది ఆ చోటు. బయట నిప్పు రాజేసి ఉంది. గడప పక్కన ఏభై అయిదేళ్ల మనిషి ఒకడు మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉన్నాడు. తంతి ఇచ్చిన బాలస్వామి అతనే. ముప్పై ఏళ్లుగా కంపెనీలో హార్మోనియం వాయిస్తున్నాడు. కంపెనీ అంతా ముందే ఒప్పుకున్న నాటకానికి ఆదోని పోయింది, ఇతనొక్కడు ఆగిపోయాడు.

లోపల శవం తల దగ్గర కూర్చున్న ఆడమనిషి లేచి వచ్చింది. తిరుపతమ్మ. నాటకాల్లో ఒకప్పుడు రాణి వేషం కట్టేది. ఆమె తిమ్మయ్యను తేరిపార చూసి, వాళ్లన్నవా అని అడిగింది. కాదన్నాడు. ఊరివాణ్ణి అన్నాడు. ఆమె మొహంలో వెలిగిన కొంచెం వెలుగూ ఆరిపోయింది. అన్న వస్తాడేమోనని పొద్దున్నుంచీ శవాన్ని ఎత్తకుండా ఉంచారు. ఇంక ఎండకు ఆగేటట్టు లేదు.

తిమ్మయ్య దగ్గరికి పోయి కూర్చున్నాడు. వేషం లేకుండా లక్ష్మన్నను అంత దగ్గరగా చూసి ఇరవై ఏడేళ్లయింది. విగ్గు లేదు, రంగు లేదు. నుదుటి మీద వెంట్రుకలు పలచబడి, మసి రాసి నల్లబరచిన చోట కుదుళ్ల దగ్గర తెల్లగా బయటపడింది. పైవరస పళ్లు నాలుగు లేవు. బుగ్గలు లోపలికి పోయాయి. నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. మూడు దినాల కిందట అన్నం తిని చేయి కడుక్కుంటూ కూలిపోయాడట. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఆసుపత్రిలో మూడు దినాలూ ఎడమచేత్తో దుప్పటి గీకుతూనే ఉన్నాడు, ఏం కావాలో ఎవరికీ అర్థం కాలేదు అని తిరుపతమ్మ చెప్పింది. ఏడవకుండానే చెప్పింది. ఏడుపు అయిపోయినట్టుంది.

తిమ్మయ్య చూపు శవం చేతుల మీద నిలిచింది. పైకి తేలిన నరాలు, వేలి గణుపుల మీద ముడతలు, గోళ్లలో పసుపు. తన చేయి పక్కనే ఉంది. రెండు చేతులకూ తేడా కనిపించలేదు. తన పడక మీద తననే ఎవరో కడిగి పడుకోబెట్టినట్టు అనిపించింది. రాకుమారుడు ఎప్పుడో పోయాడు. ఇన్నాళ్లూ ఉన్నది తనలాంటి మనిషే. వాడికీ మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చింది, వాడికీ పళ్లు ఊడాయి. తను బండి చక్రానికి ఆనుకుని దూరం నుంచి చూసి, రంగును చూసి, మోసపోయాడు.

పాడె కట్టేవాళ్లు రావడానికి ఆలస్యమైంది. తిరుపతమ్మ నీళ్లిచ్చి, అన్నా నువ్వు ఆయనకు ఏమైతావు అని అడిగింది. తన గురించి లక్ష్మన్న ఎప్పుడూ చెప్పలేదన్నమాట. తిమ్మయ్య అలవాటు ప్రకారం కథ మొదలుపెట్టాడు. ఇద్దరం కలిసే ప్రొద్దుటూరు పోయాం, కలిసే పాడాం, మా నాయన వచ్చి రెక్కపట్టి లాక్కుపోయాడు అన్నాడు.

గడప పక్కన కూర్చున్న బాలస్వామి మెల్లగా తల తిప్పాడు. అతను ఆదోని పక్కవాడు, ఆ యాసలోనే నిదానంగా మాట్లాడాడు.

"నువ్వేనా ఆ పొద్దు ఉండింది? నాకు యాదుండేది వేరేగా ఉండాదే. కంపెనీలో అప్పుడు ఒక పూటే అన్నం. తొమ్మిదో పొద్దు నువ్వు గిన్నె ముందర కూచొని ఏడ్చినావు. తెల్లారి చూస్తే లేవు. ఎవురూ రాలేదప్పా నీకోసరం. లక్ష్మన్న రెండు దినాలు నీకని అన్నం ఎత్తిపెట్టినాడు, మల్లా వస్తావేమో అని."

అందులో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. తిమ్మయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు.

ఆ మాట నిజం. తిమ్మయ్యకు అది మరపు రాలేదు. దాని మీద ఇంకో కథ కప్పేసి, ఆ కథ మీద నిలబడి బతికాడు. కంపెనీలో తొమ్మిది దినాలూ పద్యం మాట ఎవరూ ఎత్తలేదు. నీళ్లు మోశారు, తెర తాళ్లు లాగారు, రాత్రి నాటకం అయ్యాక దుమ్ములో రంగస్థలం కింద పడుకున్నారు. ఒక పూట తిండి. లక్ష్మన్న ఓర్చుకున్నాడు, తను ఓర్చుకోలేకపోయాడు. తొమ్మిదోనాటి రాత్రి, తెల్లారకముందే, పక్కన నిద్రపోతున్నవాణ్ణి లేపకుండా, ఊరి దారి పట్టాడు. ఎర్రగుంట్ల దగ్గర ఎదురుగా తండ్రి వస్తూ కనిపించాడు. మోకాళ్లదాకా దుమ్ము, చేతిలో కర్ర, వారం నుంచీ వెతుకుతున్నాడు. ఓబయ్య కొడుకును ఒక్క మాట అడగలేదు. పూటకూళ్లింట్లో అన్నం పెట్టించి, వాడు తింటున్నంతసేపూ మొహం చూడకుండా గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. వేంపల్లె పొలిమేరలో ఎదురైనవాడెవడో, ఏం ఓబయ్యా, పట్టుకొచ్చినావా అని అడిగాడు. పట్టుకొచ్చినా అన్నాడు ఓబయ్య. కొడుకు తలెత్తుకుని ఊళ్లోకి రావడానికి తండ్రి అప్పటికప్పుడు అడ్డం పెట్టిన మాట అది. ఆ మాటనే కొడుకు పదిహేడేళ్లు తండ్రి మీద తప్పుగా మోపాడు. ఆయన విని లేచిపోయాడే గానీ ఒక్కనాడూ కాదనలేదు.

మీ నాయన బాగుండాడా అని లక్ష్మన్న ఎందుకు అడిగాడో తిమ్మయ్యకు ఇప్పుడు తెలిసింది. ఊళ్లో చెప్పుకునే కథ అతని చెవినా పడి ఉంటుంది. అబద్ధమని తెలిసినవాళ్లు ప్రపంచంలో ముగ్గురే. అతను కూడా కాదనలేదు.

"నా పేరు ఎప్పుడన్నా ఎత్తినాడా?" అని తిమ్మయ్య అడిగాడు.

బాలస్వామి ఆలోచించాడు. "మొదట్లో ఎత్తుతాండె. తర్వాత లేదు."

పాడె సిద్ధమయ్యాక కొరివి ఎవరు పట్టాలన్న మాట వచ్చింది. పిల్లలు లేరు. తను చర్చికి పోయేవాణ్ణనీ, తను పడితే నలుగురూ తప్పుపడతారనీ బాలస్వామి అన్నాడు. సందులో వాళ్లు మోయడానికి ఒప్పుకున్నారు గానీ కొరివికి వెనకాడారు. అందరి చూపూ తిమ్మయ్య వైపు తిరిగింది. ఊరివాడు, కులంవాడు, తండ్రి లేనివాడు. ఆ చివరి అర్హత విని తిమ్మయ్య సరేనన్నాడు.

తుంగభద్ర ఆ నెలలో పేరుకే నది. ఇసుక మధ్యలో పాయ ఒకటి సన్నగా పారుతోంది. పదో దినానికి ఎవరుంటారో తెలియదు కాబట్టి మంగలి అక్కడే తిమ్మయ్య తలా మీసమూ గొరిగేశాడు. కాలుతున్న ఇసుకలో కుండ పట్టుకుని మూడుసార్లు తిరిగాడు. ఆడవాళ్లు రాకూడదని ఎవరో అన్నా తిరుపతమ్మ వినలేదు. చితికి దూరంగా, తల మీద కొంగు కప్పుకుని నిలబడింది. తిమ్మయ్య కొరివి అందుకోబోతుంటే దగ్గరికి వచ్చింది.

"అన్నా, పాడేటోడు. పద్యం లేకుండా పోతాండాడు. బాలస్వామికి గొంతు లేదు. నువ్వు పాడేటోనివంట గదా, ఒక్కటి పాడు."

ఎనుముల వెనక ఇద్దరూ పాడుకున్న పద్యం తిమ్మయ్య నాలుక మీదే ఉంది. ఇన్నేళ్లూ బండిచక్రం పక్కన లోలోపల పాడింది అదే. ఊపిరి నిండా తీసుకుని ఎత్తుకున్నాడు. బయటికి వచ్చింది ఒక పగిలిన కూత. మొదటి పాదం సగంలోనే విరిగింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి దగ్గు వచ్చింది. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. కాటికాపరి కట్టెకు ఆనుకుని ఓపిగ్గా ఎదురుచూశాడు. బాలస్వామి నేల చూపులు చూశాడు. మూడోసారి నోరు తెరవబోతుంటే తిరుపతమ్మ చేయి అడ్డం పెట్టింది.

"చాల్లే అన్నా" అంది నెమ్మదిగా.

అతను చితికి నిప్పు పెట్టాడు. కట్టె ఎండిపోయి ఉంది, తొందరగా అంటుకుంది. మండుతున్నంతసేపూ తిమ్మయ్య లక్ష్మన్న గురించి దుఃఖపడలేకపోయాడు. తన లోపల ఇన్నేళ్లుగా ఒక గొంతు ఉందనుకున్నాడు, అది లేదు. పద్దెనిమిదో ఏట ఉండింది, బాలస్వామి కూడా ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఎప్పుడు పోయిందో తనకే తెలియదు. రొమ్ములో ఊపిరి ఇంకా సర్దుకోలేదు. నలభై అయిదేళ్లు. మంటలో ఉన్నవాడికీ నలభై అయిదే. వీడు పాడి పోయాడు. నేను ఏం చేసి పోతాను అని తనను తాను అడిగితే, ఉత్తరాలు పంచి అన్న జవాబు తప్ప ఇంకొకటి తోచలేదు.

మర్నాడు తిరుపతమ్మకు చెప్పి బయలుదేరాడు. ఇంక ఏం చేస్తావమ్మా అని అడిగాడు. చెల్లెలు నంద్యాలలో ఉందట, రానిస్తే అక్కడికి పోతానంది. బాలస్వామి బస్సుదాకా తోడు వచ్చాడు.

ఇంటి వాకిట్లో సుబ్బలక్ష్మమ్మ అతని బోడితల చూసి చేతిలోని చేట జారవిడిచింది. మామ చచ్చినప్పుడు గొరిగించుకున్న తల, ఇప్పుడు ఎవరికోసమని నిలదీసింది. ముందు కోపంగా అడిగింది, ఆ తర్వాత అతని వాలకం చూసి మెత్తబడి, అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తిమ్మయ్య అన్నీ చెప్పాడు. ప్రొద్దుటూరు సంగతి, ఎర్రగుంట్ల సంగతి, తండ్రి పొలిమేరలో అన్న మాట. పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొదటిసారి. ఆమె అడ్డు రాకుండా వింది.

"ఇంగిప్పుడు ఎవురికి చెప్పుకుంటావు?" అంది చివరికి. "చెప్పుకోవల్సినోల్లు ఇద్దరూ పోయినారు."

ఆమె తిట్టింది కాదు, ఓదార్చింది కాదు. తిమ్మయ్య చేయి కడుక్కుని లేచాడు.

తర్వాత రెండు మూడు దినాలు అరుగుల మీద లక్ష్మన్న మాటే నడిచింది. ఆ నాటకాల బతుకు అంతే, దిక్కులేని చావు అన్నారు. ఆ పొద్దు మీ నాయన లాక్కొని రాబట్టి బతికిపోయినావప్పా, లేకుంటే నీదీ అదే గతి అని తిమ్మయ్యను చూసి అన్నారు. ఇరవై ఏడేళ్లుగా తండ్రి మీద నిందగా ఉన్న కథ ఒక్కరోజులో ఆయన మీద పొగడ్తగా మారింది. తిమ్మయ్యకు అది భరించరానిదైంది.

"మా నాయన నన్ను తీసకరాలేదు" అన్నాడు. "ఆకలికి తట్టుకోలేక నేనే వచ్చినా."

అరుగు మీది పెద్దమనిషి ఒకాయన అతని భుజం మీద చేయి వేసి, కర్నూలు ఎండ మంచిది కాదు, ఇంటికి పోయి మజ్జిగ తాగి పడుకో అన్నాడు. వారం తిరిగేసరికి మళ్లీ పాత కథే, పొగడ్తతో సహా, అతని ముందే చెప్పుకున్నారు. తిమ్మయ్య మళ్లీ కాదనలేదు. ఇంక ఎన్నటికీ అది పోదని అర్థమైంది. ఓబయ్య ఆ పొద్దు తువ్వాలు దులుపుకుని ఎందుకు లేచిపోయాడో కూడా అర్థమైంది. చెప్పినా వినేవాళ్లు లేనప్పుడు మనిషి చేయగలిగింది అంతే.

నెలన్నరకు జుట్టు మొలిచింది. పోయేటప్పుడు చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలున్న తల, ఇప్పుడు మొత్తం తెల్లగా మొలిచింది. మీసం కూడా. గండి దారిలో కొత్తగా కనబడ్డ ఆడపిల్లలు అతన్ని తాతా అని పిలిచి ఉత్తరాలున్నాయా అని అడగసాగారు. ఎత్తు దగ్గర ఇప్పుడు ఒకసారి కాదు, మూడుసార్లు ఆగుతున్నాడు. ఎడమ రొమ్ము కింద ఒక పోటు వస్తుంది, కాసేపు ఉండి పోతుంది. ఆసుపత్రికి పొమ్మని పోస్టుమాస్టరు రెండుసార్లు అన్నాడు. పోయినా చెప్పేది ఏమిటో తనకు తెలిసినట్టు తిమ్మయ్య తల ఊపి ఊరుకున్నాడు. సర్వీసు ఇంకా పదేళ్లుంది.

దసరా వెళ్లాక కంపెనీ పులివెందులకు వచ్చింది. వేంపల్లె నుంచి బండ్లు కట్టుకుని జనం పోయారు. తిమ్మయ్య పోలేదు. అంతదూరం తొక్కలేనన్నాడు. లక్ష్మన్న వేషం ఇప్పుడు పాతికేళ్ల పిల్లవాడెవడో కడుతున్నాడట. మర్నాడు పొద్దున టపా సంచీ విప్పుతుంటే ఆఫీసు ముందు నిలబడినవాళ్లు చెప్పుకుంటున్నారు. లక్ష్మన్న బాగనే పాడుతుండెలే గాని, గొంతంటే వీనిది అప్పా అన్నాడొకడు. నిజమేనన్నారు మిగిలినవాళ్లు. తిమ్మయ్య ముద్రలు కొట్టి, ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసుకుని, సంచీ భుజాన వేసుకున్నాడు.

గండి ఎత్తు సగంలో పోటు వచ్చింది. సైకిలు బండకు ఆనించి తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. ఊపిరి సర్దుకునేదాకా లక్ష్మన్న గొంతును ఒకసారి మనసులో విందామని చూశాడు. ఆ గొంతు ఏ గ్రామఫోను ప్లేటుకూ ఎక్కలేదు. విన్నవాళ్ల చెవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పద్యం గుర్తుంది, రాగం గుర్తుంది, రాజు వేషం కళ్లకు కట్టినట్టుంది. గొంతు మాత్రం రాలేదు. ఎంత ప్రయత్నించినా చెవిలో పడుతున్నది ఇసుకలో వంగి దగ్గుతున్న తన కూతే. చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. పై ఊరికి ఆ పొద్దు నాలుగు కార్డులే ఉన్నాయి. పొద్దు నడినెత్తికి రాకముందే అందించాలని లేచి, సైకిలు పట్టుకుని, మెల్లగా నడిచాడు.